తిరగేసి కుట్టిన కొంగ

హోటలు బట్టల గది,
పని లేని సాయంత్రం

వదినకి,

మీరు బాగున్నారనే అనుకుంటాను. బాగోకపోయినా రాయరని తెలుసు. ఇక్కడ మేమూ అలాగే ఉన్నాం. మీ తమ్ముడు మోకాలు నొప్పంటూ కుర్చీ దిగడు. వడ్డించానంటే మాత్రం ఆ నొప్పి ఎటు పోతుందో, ముందే వచ్చి కూర్చుంటాడు.

అసలు సంగతేమిటంటే, మన హోటలు చేతులు మారింది. కొత్త యజమానులు వస్తూనే పాత నార బట్టలన్నీ తీసెయ్యమన్నారు. టేబుల్ గుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు, మీరు రిటైరయ్యే దాకా కూర్చుని చిల్లులు కనబడకుండా రఫ్ఫు చేసినవన్నీ. వాటి బదులు ఏదో జారుడు బట్ట తెప్పించారు. దానికి ఇస్త్రీ అక్కర్లేదట, చిరిగితే పారేస్తారట. పాతవాటిని నేల తుడవడానికి పంపిస్తుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. మూటలు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. మీ తమ్ముడు ఇప్పుడు ఆ మూటల మధ్యే సణుగుతూ పడుకుంటున్నాడు.

ఊరికే ఉంచడం ఎందుకని ఒక దుప్పటి కోసి పిట్టను కుట్టాను. లోపల దూది కూరి, కళ్ళకి నల్ల గుండీలు పెట్టాను. పిచ్చుక అది. బట్టలు మడత పెట్టడం కాకుండా నా చేత్తో నేను చేసిన మొదటి వస్తువు. పార్శిల్లో పంపుతున్నాను. ఎలా ఉందో రాయండి. వద్దన్నా రాస్తారనుకోండి.

మీ మరదలు


లాండ్రీ పైగది

మరదలికి,

పార్శిలు అందింది. విప్పి చూసి, పిచ్చుక ఇంకా అడుగునెక్కడో ఉండి ఉంటుందని కాగితాలన్నీ వెతికాను. లేదు. పైనున్నదే పిచ్చుక అన్నమాట.

కింద లాండ్రీ ఆయన చూసి "సూదులు గుచ్చుకునే దిండా అమ్మా?" అన్నాడు. కాదు, పక్షి అన్నాను. "ఏ పక్షి?" అన్నాడు. నీ ఉత్తరం తీసి మళ్ళీ చూసుకోవాల్సి వచ్చింది. మీ వీధిలో పిచ్చుకలు ఇంతలా బలుస్తాయా? దీనికి మెడ లేదు. మెడ ఉండాల్సిన చోట మా తమ్ముడి గడ్డం కింద వేలాడే కండలాంటిది ఉంది. ముక్కు ఎడమకి తిరిగిపోయింది, ఎవరో పిలిస్తే చూసినట్టు.

ఎందుకు తిరిగిందో నీకు తెలియదు. తెలిస్తే అలా కొయ్యవు. ఒక పక్క ముక్కని నేత వెంట నిలువుగా కోశావు. రెండో పక్కకి వచ్చేసరికి గుడ్డ కలిసి రావాలని అడ్డంగా కోశావు. నిలువు పోగు సాగదు, అడ్డం పోగు సాగుతుంది. దూది కూరగానే ఒక పక్క ఉబ్బింది, రెండో పక్క బిగిసింది. పాపం, పిట్టకి పక్షవాతం వచ్చింది.

మెడ వంపులో గాట్లు పెట్టకుండానే తిరగేశావు, అందుకే ఆ ముడతలు. దూది ఉండలు ఉండలుగా తోశావు. చిటికెడు తీసుకుని, విదిల్చి, ముందు ముక్కు కొసలోకి, తర్వాత తలలోకి, తర్వాత మెడలోకి నింపుకుంటూ పొట్టకి రావాలి. నువ్వు పరుపు నింపినట్టు నింపావు. నీకు చేతనైంది మడతలు పెట్టడం. దానికి వంక పెట్టను, దుప్పటి నాలుగు మూలలూ నీలా కలిపేవాళ్ళు ఆ గదిలో లేరు. దాంతో తృప్తి పడొచ్చుగా.

చెప్పినా మానవని తెలుసు కనుక ఇదంతా రాశాను. పిచ్చుకని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. ఆ పని బాగానే చేస్తోంది.

వదిన


ఇల్లు, వంటగది బల్ల

వదినకి,

మీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. గడ్డం దగ్గర ఆపమన్నాడు.

మీరు తిట్టినవన్నీ వరసగా పెట్టుకుని దిద్దుకున్నాను. రెండు పక్కలూ నిలువుగా కోశాను. మెడకి గాట్లు పెట్టాను. దూది చిటికెడు చిటికెడుగా తీసుకున్నాను. ముక్కు తిన్నగా నిలబడింది. అయితే ఇంకో చిక్కు వచ్చింది. గట్టిగా కూరితే గుడ్డ పిగిలిపోతోంది. ఉతికి ఉతికి పోగులు అరిగిపోయాయి కదా, పొట్ట దగ్గరకి వచ్చేసరికి చిటుక్కుమంటోంది. చాలా పిట్టలు అలాగే పోయాయి.

చివరికి ఒకటి కనిపెట్టాను. చుట్టూ గుడ్డ ఎంత పాడైనా, మీరు రఫ్ఫు చేసిన చోటు మాత్రం పిగలదు. అందుకని ఇప్పుడు ప్రతి పిట్టకీ రొమ్ము ముక్కని మీ రఫ్ఫు ఉన్న చోటే కోస్తున్నాను. దాన్ని పట్టుకోవడమే కష్టం. కళ్ళకి ఆనదు. వేళ్ళతో తడుముకుంటూ వెతకాలి.

పెద్ద వీధిలో పాత వస్తువుల దుకాణం ఒకటి వచ్చింది. దుకాణం ఆవిడ కళ్ళద్దాలు గొలుసుకి కట్టి మెడలో వేసుకుంటుంది. నా పిట్టల్ని చేతిలోకి తీసుకుని, రొమ్ము మీద బొటనవేలితో నిమిరి, "ఈ నూగు ఎలా తెప్పించారండీ?" అంది. ఉన్నవన్నీ తీసుకుని అద్దాల బీరువాలో పెట్టింది. వదినా, నేను చేసిన వస్తువు అద్దాల బీరువాలో ఉంది. ఆ వీధిలోంచి రోజూ కావాలని నడిచి వస్తున్నాను.

మీకోసం ముందే పక్కన పెట్టిన పిట్టని పంపుతున్నాను. దీన్ని తలుపుకి పెట్టకండి.

మీ మరదలు


లాండ్రీ పైగది

మరదలికి,

ఉభయకుశలోపరి అని రాసే స్థితిలో లేను.

పిట్ట బాగుంది. మెడ మెడలా ఉంది, ముక్కు ముక్కులా ఉంది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ఓపిక ఉండదు. ఇక రొమ్ము సంగతికి వద్దాం. ఆ నూగు ఏమిటో నీ కళ్ళద్దాల గొలుసావిడకి తెలియకపోవచ్చు. బట్టల గదిలో జుట్టు నెరిసిన నీకేమైంది?

రఫ్ఫు అంటే చిల్లు పడ్డ చోట దారంతో మళ్ళీ నేత నెయ్యడం. దారం ఒక వరస పోయి వెనక్కి తిరిగే ప్రతి చోటా చిన్న మెలిక వదులుతాం. ఉతికితే దారం కుంచించుకుపోతుంది. ఆ మెలిక లేకపోతే గుడ్డని లాగేస్తుంది. ఆ మెలికలన్నీ వెనక వైపు ఉంటాయి. అది ఎవరూ చూడకూడని వైపు. నువ్వు ఆ వైపుని పైకి పెట్టి కుట్టావు. ఎందుకో కూడా నేను చెప్పగలను. దుమ్ము పడకుండా మంచి వైపు లోపలికి పెట్టి మడిచే అలవాటు నీది. మడత మీద మడత అలాగే పరిచి, పైన కనబడిందే పైవైపనుకుని కోసేశావు. బీరువాలో పెట్టే గుడ్డకి అది సరే. ఈ పిట్ట చొక్కా తిరగేసి తొడుక్కుని పెళ్ళికి వెళ్ళినట్టుంది.

కిటికీ పక్క కుర్చీలో అన్నేళ్ళు నేను ఎందుకు కూర్చున్నాననుకున్నావు? మేనేజరు రోజూ వచ్చి గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టేవాడు. కుట్టిన చోటు కనబడితే మూలకి విసిరేవాడు. మిగతావాళ్ళవి ఎన్ని విసిరాడో నువ్వే చూశావు. నాది ఒక్కటీ విసరలేదు. వెతికి వెతికి, ఏమీ దొరక్క, పెదవి విరిచి పోయేవాడు. నాకు అదే మెచ్చుకోలు. ఇంకెవరి నోటి నుంచీ ఏమీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నువ్వు నా పనిలో దాచాల్సిందంతా బయటేసి, మెచ్చుకోవాల్సింది దూదిలో పాతిపెట్టావు. ఆవిడకి నూగు కావాలంటే కోడిని పెంచుకోమను. వెళ్ళి పిట్టలన్నీ వెనక్కి తెచ్చుకుని, విప్పి, తిప్పి కుట్టు.

వదిన


ఇల్లు

వదినకి,

మీ కోపం అందింది. పిట్టలు అప్పటికే అమ్ముడుపోయాయి. ఎవరిళ్ళకి వెళ్ళాయో దుకాణం ఆవిడకే తెలియదు. నేనేం చెయ్యను.

ఇక్కడ అంతా మామూలే. మీ తమ్ముడు మోకాలికి ఏదో కొత్త నూనె రాసుకుంటున్నాడు. ఇల్లంతా ఆ వాసనే. వంటింటి కిటికీ తలుపు ఊడితే నేనే బిగించాను.

హోటలు మూసి రంగులు వేస్తున్నారు. నెలాఖరుకి మళ్ళీ తెరుస్తారట. దుకాణం ఆవిడ పిట్టల్ని కొత్త యజమానులకి చూపించింది. వాళ్ళు పాత నార బట్టలతో పెద్ద కొంగ కావాలన్నారు. మనిషంత ఎత్తుండాలట, రెక్కలు చాపి ఉండాలట, లోపలికి రాగానే ఎదురుగా వేలాడదీస్తారట. హోటలు చరిత్ర అంటున్నారు. నేల తుడవడానికి పంపిన గుడ్డలే ఇవి, ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను మొదలుపెట్టేశాను. రెక్కలకి టేబుల్ గుడ్డలు, మెడకి గలీబులు, కాళ్ళకి పుల్లల మీద చేతిగుడ్డలు చుట్టాను. అందంగా వస్తోంది వదినా. మీకు నచ్చదని తెలిసే చెబుతున్నాను.

చిన్న సందేహం. రఫ్ఫు మొదలుపెట్టేటప్పుడు సూది చిల్లు అంచునే గుచ్చుతారా, కాస్త ఎడంగా గుచ్చుతారా? నార బట్టకి దారం ఎంత సన్నంగా ఉండాలి? ఊరికే అడుగుతున్నాను. తెలుసుకుని ఉంటే మంచిది కదా అని.

మీ మరదలు


లాండ్రీ పైగది

మరదలికి,

నీళ్ళు నమలకు.

నా పక్కన అన్నేళ్ళు పనిచేసి, ఒక్కసారైనా రఫ్ఫు గురించి నోరు తెరిచి అడగనిదానివి. ఇప్పుడు ఊరికే అడుగుతున్నావా? కిటికీ తలుపు సంగతి కూడా రాశావంటే ఏదో పెద్దదే దాచావు. ఎవరితో ఏం చెప్పావు? ఆ కొంగ రొమ్ము ఏ వైపుకి ఉంది? ఈ రెండిటికీ జవాబు రాయి. మోకాలి నూనె గురించి వద్దు. ఇంకోటి, కొంగ ఎక్కడా వేలాడదు. నిలబడుతుంది. అది కూడా తెలియని వాళ్ళకి చరిత్ర కావాలట.

వదిన


ఇల్లు, అందరూ బయటికి వెళ్ళాక

వదినకి,

వెనక వైపే పైకి ఉంది. మెలికలన్నీ బయటికే ఉన్నాయి. కావాలనే పెట్టాను. ఈసారి అలవాటు కాదు.

రెండో దానికి జవాబు. నేనేమీ చెప్పలేదు. అదే తప్పు. కొత్త యజమానుల ముందు దుకాణం ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ కుట్లన్నీ ఈవిడ చేతివే" అంది. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. వాళ్ళు నా వంక చూశారు. ఆ హోటల్లో ఇంతకాలం చేశాను, నా వంక ఎవరూ అలా చూడలేదు. ఆ చూపు కాసేపు అలాగే ఉండనిద్దాం అనుకున్నాను. ఇప్పుడు తెరిచే రోజున కొంగ కింద కూర్చుని అతిథుల ముందు రఫ్ఫు చేసి చూపించమంటున్నారు. నాకు సూది పట్టుకోవడమే సరిగా రాదు. అన్నం సయించడం లేదు.

ఇప్పుడు మీరు నన్ను ఏమేం అంటారో నాకు తెలుసు. అనండి. ముందు ఒకటి వినండి. ఒక్కసారైనా అడగలేదన్నారు. అడిగాను. పెళ్ళయి పనిలో చేరిన కొత్తలో మీ కుర్చీ పక్కన నిలబడి, "వదినా, నాకూ నేర్పుతారా?" అన్నాను. మీరు తల ఎత్తలేదు. "నీ చెయ్యి మడతలకి తప్ప దేనికీ పనికిరాదు" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్ళీ అడగలేదు.

మడతలు పెట్టాను. మీరు బాగుచేసిన ప్రతి గుడ్డా నా చేతుల మీదుగానే బీరువాలోకి వెళ్ళింది. ఏ దుప్పటి ఎక్కడ చిరిగిందో, ఎక్కడ మీరు కుట్టారో నా వేళ్ళకి తెలుసు. మేనేజరు కనిపెట్టలేనివి నేను రోజూ కనిపెట్టేదాన్ని. వెనక వైపు మెలికలు తగిలితే ఇవాళ వదిన దీని మీద ఎంతసేపు కూర్చుందో అనుకునేదాన్ని. మంచి వైపు చూస్తే అక్కడ ఎవరూ కూర్చున్నట్టే ఉండదు. అందుకే మెలికలు బయటికి పెట్టాను.

మీరు ఒక్కరోజు వచ్చి నా పక్కన ఉంటే అందరి ముందూ నిజం చెప్పేస్తాను. ఒంటరిగా చెప్పడానికి ధైర్యం చాలడం లేదు.

మీ మరదలు


లాండ్రీ పైగది

మరదలికి,

రాను.

చేతిలో గ్లాసులు పట్టుకున్న వాళ్ళు చుట్టూ చేరి, నేను దారం ఎక్కిస్తుంటే "అబ్బ, ఎంత ఓపికండీ" అంటారు. ఓపిక అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఓపిక గాడిదకీ ఉంటుంది. నాది పనితనం. ఆ తేడా తెలియని వాళ్ళ ముందు కూర్చునే ఖర్మ నాకేమిటి? నీకు ధైర్యం చాలకపోతే నేను రావాలా? నోరు మూసుకోవడానికి నన్ను పిలవలేదుగా.

పేరు నువ్వే ఉంచుకో. నాకు దాని మీద యావ లేదు. కనబడకపోవడమే నా పని, ఇక పేరెందుకు? కానీ ఆ కొంగ రొమ్ము విప్పి తీరాలి. నా రఫ్ఫులన్నీ మంచి వైపుకి తిప్పి కుట్టు. అప్పుడది ఒట్టి తెల్ల కొంగ. నూగూ ఉండదు, చరిత్రా ఉండదు. దాని కింద కూర్చుని నీ ఇష్టం వచ్చినంత తల ఊపుకో.

మడతల మాట రాశావు. నాకు గుర్తులేదు. అనే ఉంటాను. అలాంటివి ఆ గదిలో చాలామందిని అన్నాను, ఎవరూ ఇన్నాళ్ళు మోసుకు తిరగలేదు.

వదిన


ఇల్లు

వదినకి,

చెప్పేశాను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే వెళ్ళాను. కోపంతో వెళ్ళాను కాబట్టే చెప్పగలిగాననుకుంటాను. ముందు హాల్లో అంతా కొత్త రంగు వాసన. కొంగని తాళ్ళతో ఎత్తి చూస్తున్నారు. యజమానులున్నారు, దుకాణం ఆవిడ ఉంది, మేనేజరున్నాడు. మేనేజరు పాతాయనే. బట్టలన్నీ మార్చారు కానీ ఆయన్ని మార్చలేదు. "ఈ కుట్లు నావి కావు, మా ఆడపడుచువి. నేను పక్షిని మాత్రమే కుట్టాను" అన్నాను.

నేలలోకి కుంగిపోతానేమో అనుకున్నాను. ఏమీ కాలేదు. దుకాణం ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, "అయితే ఆవిణ్ణే పిలవండి, ఇంకా బాగుంటుంది" అంది. యజమాని ఫోను చూసుకుంటూ, "ఎవరో ఒకరు కూర్చుంటే చాలు" అన్నాడు. నేను అన్నం మానేసి కుమిలిపోయిన అబద్ధానికి వాళ్ళ దగ్గర అంత విలువ కూడా లేదు.

అప్పుడు మేనేజరు "ఎవరావిడ?" అన్నాడు.

చెప్పాను. రఫ్ఫు చేసేవారు, బట్టల గదిలో కిటికీ పక్కన కూర్చునేవారు, మీరు రోజూ వచ్చి చూసేవారు కదండీ అన్నాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. నిజంగానే ఆలోచించాడు, నటన కాదు. తర్వాత మొహం వెలిగింది. "ఆ కుర్చీ గుర్తుంది. మంచి కుర్చీ. ఇక్కడ పెడదామని పాలిష్ కూడా చేయించాం" అన్నాడు. ఇంకేమైనా అంటాడని నిలబడ్డాను. తాళ్ళు సరిగ్గా కట్టమని ఎవరినో కేకేస్తూ వెళ్ళిపోయాడు.

మీ మీద కోపంగా ఉన్నదాన్ని, మీకోసం ఏడుపొచ్చింది. అక్కడే, అందరి ముందూ.

కొంగని దింపించి ఇంటికి తెచ్చేశాను. రొమ్ము విప్పాను. ఇల్లంతా దూది, మీ తమ్ముడు ఒకటే తుమ్ములు. మీరు తిప్పమంటే తిప్పుతాను, ఒట్టి తెల్ల కొంగే వాళ్ళకిస్తాను. అది మీ పని. మీరు ఎలా అంటే అలాగే. జవాబు కోసం సూదిలో దారం ఎక్కించి పెట్టుకున్నాను.

మీ మరదలు


లాండ్రీ పైగది

మరదలికి,

ఉత్తరం చదివాక పని చెయ్యబుద్ధి కాలేదు. లాండ్రీ ఆయన రఫ్ఫుకొచ్చిన కోటేదో తొందరన్నాడు. రేపు రమ్మని పంపేశాను.

కుర్చీ గుర్తుందట.

ఆ మనిషి బూట్ల చప్పుడు మెట్ల మీద వినబడితే చాలు, ఆ పూట ఏ మొహంతో వస్తున్నాడో చెప్పేదాన్ని. భార్యతో గొడవైన రోజు గుడ్డని చాలాసేపు పట్టుకునేవాడు. జలుబు చేస్తే దాని మీదే తుమ్మేవాడు, నేను మళ్ళీ ఉతికించేదాన్ని. ఎడమ కన్ను సరిగా ఆనదని, వెలుతురు కుడి పక్క నుంచి పడేట్టు నా కుర్చీ జరిపాను కూడా. సరిగ్గా చూడాలి కదా మరి, చూస్తేనే కదా ఏమీ కనబడలేదని తెలిసేది. వెధవ. కుర్చీకి పాలిష్ చేయించాడు.

మొదట నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పని అంత బాగా చేశానన్నమాట, చేసిన మనిషి జాడ కూడా మిగల్లేదు అనుకున్నాను. ఆ మాట అనుకోవడానికి బాగానే ఉంది, ముద్ద మాత్రం దిగలేదు. రఫ్ఫు కనబడకూడదని నాకు చెప్పారు. నేను కనబడకూడదని ఎవరూ చెప్పలేదు. అది నేనే కలుపుకున్నాను. కలుపుకుని, దాన్ని చూసుకుని మురిసిపోయాను.

రొమ్ము తిప్పకు. మెలికలు బయటికే ఉంచి కుట్టెయ్యి. ఎక్కడైనా అణిగిపోతే సూది మొనతో పైకి లేపు.

శుక్రవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మా తమ్ముణ్ణి బస్టాండుకి పంపకు, దారంతా ఆ మోకాలి పురాణం వినలేను. హోటలు తెరిచే రోజున ఆ కుర్చీలో నువ్వు కూర్చుంటావు. నేను పక్కన నిలబడి చెబుతాను. సూది చిల్లు అంచున గుచ్చకూడదు, గట్టి బట్ట ఎక్కడ మొదలైతే అక్కడ గుచ్చాలి. ఒక్క రోజులో నీకు రాదు. వంకర పోతుంది, ముడి పడుతుంది, అందరి ముందూ తిడతాను. నువ్వు ఏడవకుండా విప్పి మళ్ళీ కుట్టు. ఎవరైనా ఓపిక అంటే ఆ మాటకి నేను జవాబు చెప్పుకుంటాను.

మేనేజరు వస్తే నువ్వు మధ్యలోకి రాకు. నేనెవరో నేనే చెబుతాను.

వదిన